మేక తినేసిన వార్తలు

మా వంటింటి అలమారలో కాయితాలు మార్చాలి. ఇది కూర్చుని రాసుకోవలసినంత పెద్ద పని కాదని నాకూ తెలుసు. క్రిస్మస్ ముందు మా పేటలో ప్రతి ఇంట్లో చేసేదే. గోడలకు సున్నం వేయిస్తారు, గుమ్మం మీద స్టార్ కడతారు, అరల్లో పరిచిన పాత న్యూస్‌పేపర్లు తీసి కొత్తవి పరుస్తారు. ఈ ఏడు సున్నం వేసే మనిషి వచ్చి, "అలమార ఖాళీ చేశారా మేడమ్?" అని అడిగి, లేదంటే వెనక్కి పోయాడు. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ లేదన్నాను. మూడోసారి వచ్చినప్పుడు నేనే తలుపు తీయలేదు.

ఆ కాయితాలు పోయిన క్రిస్మస్‌కు మా ఆయన పరిచినవి. ఈ ఎండాకాలంలో ఆయన పోయారు. మాకు పిల్లలు లేరు. ఆయన బట్టలు చర్చివాళ్ళు అడిగితే ఇచ్చేశాను, సైకిలు పక్కింటివాళ్ళకిచ్చాను. ఆ కాయితాలు కూడా తీసేస్తే ఆయన చేత్తో చేసిన పని ఈ ఇంట్లో ఇంకేమీ మిగలదు. సున్నం వేసేవాడికి ఇదంతా చెప్పాలా? చెప్పను. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పాను.

మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. రైతులు మచ్చు కాయలు తెచ్చేవాళ్ళు. సరుకు ఎలా ఉందో చూపించడానికి గుప్పెడు మిరపకాయలు న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి, జేబులోనో సంచిలోనో పెట్టుకుని వచ్చేవాళ్ళు. కాయ చూసి, విరిచి, వాసన పీల్చి బేరం చెప్పాక ఆ కాయితం ఎవరికీ అక్కర్లేదు. మా ఆయనకు మాత్రం కావాలి. పొదిలి వైపు నుంచి వచ్చిన కాయితం, సింగరాయకొండ నుంచి వచ్చిన కాయితం, ఏ ఊరి నుంచి వచ్చినా సరే, దులిపి నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవారు. ఎంత దులిపినా మిరపఘాటు వదలదు కదా. ఆయన గుమ్మంలోకి రాకముందే నాకు తుమ్ము వచ్చేది. "టీచరమ్మా, ఈరోజు వార్తలు వచ్చాయి" అనేవారు. నేను బళ్ళో పిల్లలకు చదువు చెబుతాను. ఆ పిలుపు ఆయనకు వెక్కిరింతా ముద్దూ రెండూ.

ఆ వార్తలు ఏనాటివో ఆ దేవుడికే తెలియాలి. పొట్లం కట్టినవాడు తేదీ ఉన్న మూల చింపేసి ఉంటాడు. కింద సగం మిరప తొడిమలతో చిల్లులు పడి ఉంటుంది. హెడ్డింగు ఒక్కటే మిగులుతుంది. నేను హెడ్డింగు చదవాలి, ఆ తర్వాత ఏమైందో ఆయన చెప్పాలి. అదీ మా ఆట. టీవీ ఉండగానే, ఫోన్లు వచ్చాక కూడా, మేము ఆడుకున్నది ఇదే. ఎవరికైనా చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

"పొగాకు బ్యారన్‌లో చిరుత, భయాందోళనలో గ్రామస్థులు" అని నేను చదివితే, ఆయన కాళ్ళు చాపుకుని మొదలుపెట్టేవారు. చిరుత లోపల ఉందని తెలియక రైతు పొగాకు కాల్చడానికి బ్యారన్‌కు మంట పెట్టాడట. పొగాకుతోపాటు చిరుత కూడా పదునుగా కాగి, బంగారు రంగు తిరిగి, మంచి వాసనతో బయటికి వచ్చిందట. గ్రేడు కట్టి వేలానికి పంపితే కొనేవాళ్ళు పైకీ కిందకీ తిప్పి చూసి, సరుకు బాగానే ఉంది గానీ ఒళ్ళంతా మచ్చలున్నాయని ధర తగ్గించారట. రైతు లబోదిబోమంటుంటే ఎక్కడి నుంచో ఒక మేక వచ్చి ఆ ధర చీటీ తినేసిందట. దాంతో చిరుత ఎవరికీ అమ్ముడుపోక, ఆ రైతింట్లోనే ఉండిపోయి గొడ్లకు కాపలా కాస్తోందట.

"గ్రామానికి త్వరలో రోడ్డు" అని చదివితే, ఏముంది, రోడ్డు బయలుదేరింది అనేవారు. పొదిలి దాకా వచ్చి దాహమేసి హోటల్లో టీ తాగుతోందట. ఎటు పోవాలో అడిగితే ఒకడు ఇటంటాడు, ఒకడు అటంటాడు. పాపం దానికి మొహమాటం, ఎవరి మాటా తీసెయ్యలేక అక్కడే బల్ల మీద కూర్చుందట. మేక వచ్చి దాని అంచులు కొరుకుతోందట. అందుకే మన రోడ్లకు అంచులుండవని తేల్చేవారు.

ఏ కథలోనైనా చివరికి ఆ మేక రావలసిందే. నీటి ట్యాంకు ఎక్కి దిగనన్న కుర్రాడి కథలో కూడా, కింద జనం విసిగిపోయి ఇళ్ళకు వెళ్ళిపోయాక, మేక ఒక్కటే నిచ్చెనెక్కి వాడి పక్కన కూర్చుంది. "ఎక్కడిదండీ ఈ మేక?" అని అడిగితే, "మేకకు అడ్రసు ఉంటుందా?" అనేవారు. ఆ మేక ఆయన బుర్రలో పుట్టిందే, నాకోసం పుట్టిందే అనుకున్నాను. ఈ మనిషి లోకానికి గుమాస్తా, నాకు మాత్రం ఇంత సరదా మనిషి అని నాకు లోపల గర్వంగా కూడా ఉండేది.

ఒక్కసారి మాత్రం ఆయన నోరు తెరవకుండానే హెడ్డింగు తన పని తాను చేసుకుపోయింది. మిరపకాయలు కళ్ళాల్లో ఎండే రోజులు. కొట్టులో బల్ల మీద ఆయన పరిచి పెట్టుకున్న కాయితంలో "రానున్న రెండు రోజుల్లో భారీ వర్షాలు" అని ఉంది. ఏ ఏటి వర్షాలో తెలియదు. బేరానికి వచ్చిన రైతు ఒకాయన అది చూశాడు. బయట నిప్పులు చెరిగే ఎండ. అయినా మిరపకాయ కళ్ళంలో ఉన్నవాడికి ఆకాశం మీద నమ్మకం ఉండదు. ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్ళు కాయలు పోగుచేసి పట్టాలు కప్పారు. అది చూసి పక్క కళ్ళంవాళ్ళు కప్పారు, వాళ్ళను చూసి పక్క ఊరివాళ్ళు కప్పారు. మర్నాడు మబ్బు తునక లేదు. ఆ రైతు మళ్ళీ వచ్చి, "ఏమయ్యా గుమాస్తా, నీ వాన యాడ?" అని నిలదీశాడు. ఇంటికి వచ్చి నాకు చెబుతూ, "ఆ మబ్బు కూడా పేపరు చదివింది టీచరమ్మా. వస్తానని రాసేశారే, ఇప్పుడు అందరూ చూస్తుంటే ఎలా వెళ్ళేది అని సిగ్గుపడి సముద్రంలోనే ఉండిపోయింది" అన్నారు. నవ్వలేక నాకు కడుపు నొప్పి వచ్చింది.

క్రిస్మస్‌కు అరలు సర్దేది ఆయనే. మంచి హెడ్డింగులు ఏరి, వంట చేస్తూ తలెత్తితే నా కళ్ళకు కనిపించేలా అంచు మీదకు పెట్టి పరిచేవారు. ఏడాదంతా ఉప్పు డబ్బా తీసినప్పుడల్లా ఒకటి కనిపించేది. పై అర నాకు అందదు. అక్కడ ఏం పరిచేవారో నేనెప్పుడూ చూడలేదు.

ఆయన పోయాక కూడా హెడ్డింగులు కనిపిస్తూనే ఉన్నాయి. చదివేదాన్ని నేనున్నాను. చెప్పేవాళ్ళు లేరు. నేనే చదివి నేనే చెప్పుకుందామని చూశాను. ఒక్క ముక్క రాలేదు. ఇన్నేళ్ళూ అడగడమే తప్ప చెప్పడం నాకు అలవాటు లేదు. సాయంత్రం బడి నుంచి వచ్చి స్టౌ ముందు నిలబడితే ఇల్లు ఎంత పెద్దదో తెలిసేది. రెండు గదుల ఇల్లు. అయినా ఎంత పెద్దదో.

సిగ్గు విడిచి బయటివాళ్ళ దగ్గర కూడా ప్రయత్నించాను. పాస్టరమ్మగారు చూడ్డానికి వచ్చినప్పుడు, ఏదో మాటల్లో పెట్టి, "నీటి ట్యాంకు ఎక్కిన యువకుడు, దిగనంటూ పట్టు" అని అలమార వైపు చూపించాను. ఏమంటారో అని ఆశగా చూశాను. ఆవిడ వెంటనే కళ్ళు మూసుకుని ఆ కుర్రాడి కోసం ప్రార్థన చేసింది. మంచి మనిషి. వాడి తల్లిదండ్రుల కోసం, పోలీసుల కోసం, ఆ ట్యాంకులో నీళ్ళు తాగేవాళ్ళ కోసం కూడా చేసింది. నేనూ ఆమెన్ అన్నాను, ఏం చేస్తాను.

బళ్ళో మా స్టాఫ్ రూములో కొత్తగా చేరిన టీచరమ్మాయి ఉంది. హుషారైన పిల్ల. ఈ పిల్లకు పడుతుందేమో అని అదే హెడ్డింగు చెప్పి, "తర్వాత ఏమై ఉంటుందంటావ్?" అన్నాను. ఆ పిల్ల ఫోన్ తీసి రెండు నిమిషాలు వేళ్ళతో గీకి, "అదే రోజు సాయంత్రం దిగొచ్చేశాడంట మేడమ్" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం ఎవరడిగారమ్మా నిన్ను? అప్పటిదాకా ఆ ట్యాంకు మీద, మేక పక్కన, వాడు హాయిగా కూర్చుని ఉన్నాడు. ఒక్క గీకుడుతో దించేసింది.

ఇక మిగిలింది మా ఆడపడుచు. ఆవిడను లెక్కలోకి కూడా తీసుకోలేదు నేను. మా ఆయనకు అక్క. సింగరాయకొండలో మిషను కుట్టుకుంటూ ఒక్కతే ఉంటుంది. భర్త ఎప్పుడో పోయాడు. ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అనలేదు పెద్దలు. ఫోన్ చేస్తే, "ఏందే, తిన్నావా? తినకపోతే ఎవురికి నష్టం?" అని పెట్టేసేది. ఆవిడ నవ్వగా నేను చూడలేదు. తమ్ముడి సమాధి దగ్గర ఏడవగానూ చూడలేదు. రాయి అనుకున్నాను.

అలాంటిది, పండగ దగ్గర పడ్డాక ఒక శనివారం పొద్దున చెప్పాపెట్టకుండా సంచీ భుజాన వేసుకుని దిగింది. గోడలు చూసింది. "సున్నం ఎయ్యలేదేం?" అంది. సమాధానం కోసం ఆగకుండా వంటింట్లోకి పోయింది. నేను టీ పొయ్యి మీద పెట్టి, పాలకని బయటికి వెళ్ళి వచ్చేసరికి డబ్బాలన్నీ నేల మీదున్నాయి. ఆవిడ కొంగు బొడ్లో దోపి, స్టూలెక్కి, పై అర కాయితం అంచు పట్టుకుని లాగుతోంది.

"తియ్యొద్దు వదినా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "దిగండి అక్కణ్ణుంచి. ఎవరు తియ్యమన్నారు మిమ్మల్ని? నా ఇంట్లో నా అలమార. పండగా వద్దు, సున్నమూ వద్దు. మీకేం తెలుసని ముట్టుకున్నారు అవి?"

ఆవిడ దిగలేదు. కాయితం అప్పటికే చేతిలోకి వచ్చేసింది. దాని మీదున్న దుమ్ముకు నాకు తుమ్ము వచ్చింది. ఆవిడకూ వచ్చింది. ఏడాది కిందటి మిరపఘాటు ఇంకా ఆ మడతల్లో ఉంది. ఆవిడ ముక్కు తుడుచుకుని, కళ్ళజోడు సర్దుకుని, కాయితాన్ని దూరంగా పెట్టి పైకి చదివింది.

"సమ్మె విరమణ, రేపటి నుంచి అన్నీ యథాతథం."

తర్వాత కింద సగం చూసింది. అక్కడ తొడిమల చిల్లులు తప్ప అక్షరం లేదు.

"ఏముంది," అంది తనలో తాను. "మేక తినేసుంటది."

నేను పాల గిన్నె గట్టు మీద పెట్టేశాను. లేకపోతే పడేసేదాన్ని.

"ఏ మేక వదినా?"

"మా మేకే. నీకెట్టా తెలుస్తదిలే." ఆవిడ స్టూలు దిగి దాని మీదే కూర్చుంది. "పొదిల్లో మేము చిన్నపిల్లలప్పుడు ఇంట్లో మేక ఉండేది. మా నాయన హోటలాయన్నడిగి పాత పేపర్లు తెచ్చేవాడు. గడప కాడ పెట్టి కాళ్ళు కడుక్కునే లోపల అది కింద సగం నమిలేసేది. పైన పెద్ద అక్షరాలు మిగిలేయి. మీ ఆయనకి అప్పుడప్పుడే చదువొస్తాంది. కూడబలుక్కుని చదివి, తరవాత ఏమైంది అక్కా, తరవాత ఏమైంది అక్కా అని ఏడ్చేవాడు. నాకేం తెలుసు? నోటికొచ్చింది చెప్పేదాన్ని. ఏది చెప్పినా ఆఖర్న మేకని తేవాల. తేకపోతే కత అయిపోయిందని ఒప్పుకునేవాడు కాదు."

అబద్ధమెందుకు, ముందు నాకు బాధేసింది. నాకోసం పుట్టిందనుకున్న మేక నాకన్నా ముందే ఇంకొకరిది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క మాటైనా చెప్పలేదే ఈ మనిషి, అనిపించింది. ఆవిడ మాత్రం కాయితాన్ని ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో నిమురుతోంది, ఇస్త్రీ చేస్తున్నట్టు.

"పెళ్ళయ్యాక అడగటం మానేశాడు," అంది. "గుంటూరు పోయాడు, ఉద్యోగం, కాపురం. నేను ఫోన్ చేస్తే బాగున్నావా అక్కా అనేవోడు, అంతే. పెద్దోడయ్యాడు, మర్చిపోయాడనుకున్నా. అంతే కదా ఎవురైనా."

ఆవిడ మొహం చూస్తే నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఇంతకాలం ఆవిడ రాయి అనుకున్నానే, ఆ సింగరాయకొండలో మిషను ముందు కూర్చుని, తమ్ముడు తనని మర్చిపోయాడనుకుంటూ బతికింది. మర్చిపోలేదన్న సంగతి భూమ్మీద ఒక్కదానికే తెలుసు. ఆ ఒక్కదాన్ని నేనే. చెప్పకుండా ఎలా ఉంటాను?

"మర్చిపోలేదు వదినా. ప్రతిసారీ మేక వచ్చేది," అన్నాను.

ఆవిడ తల ఎత్తింది. "నిజం చెప్పు."

"దేవుడి తోడు. చిరుత కథలో కూడా వచ్చింది."

"చిరుతేంది? చెప్పవే," అంది. పక్కన నేల చూపించి కూర్చోమంది.

నాకు చెప్పడం రాదన్నాను. అడగడమే వచ్చన్నాను. "చెప్పవే," అని మళ్ళీ అంది, చిన్నపిల్లలు అడిగినట్టు. డబ్బాల మధ్య కూర్చుని మొదలుపెట్టాను. పొగాకు బ్యారన్, మంట, బంగారు రంగు తిరిగిన చిరుత. మొదట్లో తడబడ్డాను, గ్రేడు కట్టే దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతులోని విరుపులు కొన్ని నా నోట్లోకి వచ్చాయి. మచ్చలున్నాయని ధర తగ్గించారని చెప్పగానే ఆవిడ నవ్వింది. ఆ నవ్వు అచ్చం మా ఆయన నవ్వే. ముందు ముక్కులోంచి వచ్చి, తర్వాత భుజాలు కదిలి, చివరికి ఎప్పటికో నోట్లోంచి వస్తుంది. ఇన్నేళ్ళూ నవ్వకుండా ఉండి నాకు తెలియనివ్వలేదు. నేను ఏడ్చాను. నవ్వుతూనే ఆవిడా ఏడ్చింది. పొయ్యి మీద టీ డికాక్షను మాడి నల్లగా అయిపోయింది.

తర్వాత రోడ్డు చెప్పాను, ట్యాంకు చెప్పాను, సిగ్గుపడిన మబ్బు సంగతి చెప్పాను. ఆవిడ కొన్నిటికి ఒప్పుకోలేదు. "రోడ్డు పొదిల్లో టీ తాగదే, ఒంగోలు దాకా వచ్చి బిర్యానీ తింటది," అని దిద్దింది. "వాడికన్నా నేనే బాగా చెప్పేదాన్ని," అని కూడా అంది. ఆవిడ ఎప్పుడూ అంతే, తగ్గదు.

మధ్యాహ్నానికి ఇద్దరం కలిసి అరలన్నీ ఖాళీ చేశాం. సున్నం వేసే మనిషికి నేనే ఫోన్ చేశాను. ఆవిడ ఆదివారం చర్చికి నాతో వచ్చి, సోమవారం దాకా ఉండి, గోడలు ఆరాక కొత్త కాయితాలు పరిచింది. అవి నేను కొన్న ఈ వారపు పేపర్లు. మిరప వాసన లేదు, చిల్లులు లేవు, ప్రతి వార్తా కింద దాకా పూర్తిగా ఉంది. మంచి హెడ్డింగు ఒక్కటీ దొరకలేదని ఆవిడ సణిగింది.

సోమవారం సాయంత్రం బస్టాండుకు తీసుకెళ్ళి బస్సు ఎక్కించాను. ఉండమన్నాను. "పండగ కుట్టుబట్టలు ఉన్నాయే, జనం ప్రాణం తీస్తారు," అంది. నన్ను రమ్మంది. నాకు బడి ఉందన్నాను. ఇద్దరికీ తెలుసు, ఆవిడ ఇంటికి ఆవిడ పోతుంది, నా ఇంటికి నేను పోతాను. కిటికీ పక్క సీట్లో కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకున్నాక హఠాత్తుగా అడిగింది.

"ఆ పై అర కాయితం యాడబెట్టావే? కొత్తవి పరిచేటప్పుడు పాతవాట్లో కనపళ్ళా."

అది నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. శనివారం నుంచీ అక్కడే ఉంది.

"మేక తినేసింది వదినా," అన్నాను.

ఆవిడ కిటికీ ఊచల మధ్య నుంచి చెయ్యి బయటపెట్టింది. "కింద సగం నాకియ్యి," అంది. "హెడ్డింగు నువ్వుంచుకో. చదివేదానివి నువ్వేగా."

బ్యాగులోంచి తీసి మడత మీద జాగ్రత్తగా చింపాను. అక్షరం ముక్క లేని ఆ చిల్లుల కాయితాన్ని ఆవిడ నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. బస్సు కదిలింది.

ఇంటికి ఆటోలో వచ్చాను. దారి పొడుగునా తుమ్ములు, కళ్ళలో నీళ్ళు. డ్రైవరు అద్దంలో చూసి, "జలుబా మేడమ్?" అని అడిగాడు.

"కాదు బాబూ, మిరపకాయ," అన్నాను.